ఎడారిలో ఆర్వీ బిడారు: అమెరికా నైరుతి దారుల్లో బృందంగా ప్రయాణించే విధానం

నాలుగైదు కుటుంబాలు కలిసి ఆర్వీలు అద్దెకు తీసుకుని, లాస్ వేగస్‌లో బయలుదేరి, యూటా, ఆరిజోనా ఎడారుల మీదుగా వారం పది రోజులు తిరిగి రావాలన్న ఆలోచన థ్యాంక్స్‌గివింగ్‌కు ముందూ, పిల్లల వసంతకాలపు సెలవులకు ముందూ అమెరికాలోని తెలుగు ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. హోటళ్ళలో దిగుతూ కార్లలో తిరిగే యాత్రకూ దీనికీ పోలిక లేదు. ఇల్లు, లారీ, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి ఒకే చట్రం మీద కదిలితే అది ఆర్వీ. అలాంటివి ఐదు కలిసి జనసంచారం పలచగా ఉండే నేల మీద ప్రయాణించేటప్పుడు ఒక బండికి వచ్చిన చిక్కు ఐదింటికీ చిక్కే అవుతుంది. కనుక ఏ రోజు ప్రణాళికనైనా అన్నిటికంటే పొడవైన బండినీ, అన్నిటికంటే చిన్న ట్యాంకునూ, అందరికంటే కొత్త డ్రైవరునూ దృష్టిలో పెట్టుకునే వేసుకోవాలి. కింద చెప్పే వివరాలన్నీ ఈ ఒక్క మాటకు అనుబంధాలే.

మొదటి అడుగు: కాలాన్నీ దారినీ నిర్ణయించుకోవడం

అక్టోబరు మొదలు ఏప్రిల్ దాకా ఈ యాత్రకు అనువైన కాలం. వేసవిలో పిల్లలకు సెలవులు ఎక్కువ కదా అని జూన్, జూలై నెలలను ఎంచుకునేవారున్నారు. 2023లో ఫీనిక్స్ నగరంలో వరసగా 31 రోజుల పాటు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గలేదన్న సంగతి వారికి గుర్తు చేస్తే చాలు. డెత్ వ్యాలీలోకి వేసవిలో బండి తీసుకువెళ్ళడాన్ని అద్దె ఒప్పందాలు చాలావరకు నిషేధిస్తాయి. అయితే చలికాలమంటే ఎండ లేని కాలమని మాత్రమే అనుకోకూడదు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నవంబరు రాత్రులు నీరు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి.

మొదటిసారి వెళ్ళే బృందానికి నేను సూచించే దారి ఇది: లాస్ వేగస్ నుంచి జయన్ పార్కు ముంగిట ఉన్న స్ప్రింగ్‌డేల్‌కు సుమారు 165 మైళ్ళు, అక్కడి నుంచి కనాబ్ మీదుగా ఆరిజోనాలోని పేజ్ పట్టణం, పేజ్ నుంచి కయెంటా మీదుగా మాన్యుమెంట్ వ్యాలీకి దాదాపు 125 మైళ్ళు, తరువాత కామెరాన్ మీదుగా గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు దాదాపు 180 మైళ్ళు, చివరగా విలియమ్స్, కింగ్‌మన్ మీదుగా తిరిగి లాస్ వేగస్‌కు 280 మైళ్ళు. ఆఖరి రోజును మినహాయిస్తే ఎక్కడా 200 మైళ్ళు దాటడం లేదు. ఫోను చూపించే ప్రయాణ సమయానికి నాలుగోవంతు కలుపుకుంటే ఒక ఆర్వీకి సరిపోతుంది, ఐదు ఆర్వీల బృందానికైతే సగం కలుపుకోవాలి.

ఈ దారిలో తప్పకుండా తెలుసుకోవలసిన ఆటంకం ఒకటుంది. 1930లో తెరిచిన జయన్–మౌంట్ కార్మెల్ సొరంగం ఇరుకైనది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ ఉన్న బండి ఎదురు రాకపోకలు ఆపితే తప్ప అందులో పట్టదు. అద్దె ఆర్వీలు ఇంచుమించు అన్నీ ఈ కొలతలకు మించినవే. ఇన్నాళ్ళూ రుసుము తీసుకుని అలా ఆపి పంపించేవారు, 2026 వేసవి నుంచి పెద్ద వాహనాలను ఆ రహదారి మీదికే రానివ్వకూడదని పార్కు నిర్ణయించింది. అందుచేత స్ప్రింగ్‌డేల్ నుంచి వెనక్కి వచ్చి, హరికేన్, కొలరాడో సిటీ, ఫ్రెడోనియా మీదుగా కనాబ్ చేరుకోవాలి. సుమారు 40 మైళ్ళు అదనమవుతుంది. కార్ల కోసం తయారైన మ్యాప్ యాప్ ఈ సంగతి చెప్పదు కనుక, బండి ఎత్తు, పొడవు, బరువు నమోదు చేసుకుని దారి చూపే ఆర్వీ నావిగేషన్ యాప్‌ను ప్రతి డ్రైవరూ వాడాలి. మరో రెండు దారులు ఫోటోల్లో ఆకర్షిస్తాయి, వాటి జోలికి పోవద్దు. యూటాలో మెక్సికన్ హ్యాట్ దగ్గరి మోకీ డగ్‌వే కొండ అంచున కంకర మీద మెలికలు తిరిగే ఘాట్. ఆరిజోనాలో పాత రూట్ 66 మీద ఓట్‌మన్‌కు వెళ్ళే కొండదారిలో 40 అడుగులు దాటిన వాహనాలకు అనుమతే లేదు, అంతకంటే పొట్టి బండికి కూడా ఆ మలుపులు సుఖం కావు.

రెండో అడుగు: బండ్లు, మనుషులు, బాధ్యతలు

బృందంలో నాలుగు బండ్లుంటే హాయి, ఆరు దాటితే ప్రతి పనీ సభలా మారుతుంది. ఎనిమిది కుటుంబాలున్నచోట రెండు చిన్న బిడార్లుగా విడిపోయి, రాత్రి విడిదిలో మాత్రం కలుసుకోవడం మేలు.

లారీ ముందుభాగం మీద పడక ఉండే క్లాస్ సి బండి, 25 నుంచి 28 అడుగుల పొడవులో, మన అవసరాలకు సరిపోతుంది. బస్సులాంటి క్లాస్ ఏ బండి చూడటానికి గంభీరంగా ఉన్నా ఎదురుగాలిలో నడపడం కొత్తవారికి కష్టం. వీలైతే అందరూ ఒకే రకం బండి తీసుకోవాలి. ఒకరు నేర్చుకున్న కిటుకు మిగిలినవారికీ పనికొస్తుంది, ఒకరి ఫ్యూజు మరొకరి బండికి సరిపోతుంది. ఒక కుటుంబమైనా ఆర్వీకి బదులు మామూలు కారులో రావాలన్నది నా గట్టి అభిప్రాయం. మందుల దుకాణానికి వెళ్ళాలన్నా, పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకువెళ్ళాలన్నా, ఆర్వీలు నిలపడానికి చోటు లేని వ్యూ పాయింట్ చూడాలన్నా ఆ కారే ఆధారం.

అమెరికాలో ఆర్వీ బిడార్లకు చాలా కాలపు సంప్రదాయం ఉంది. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల స్థాపకుడు వాలీ బయమ్ 1951లోనే ట్రైలర్ల వరసను మెక్సికో మీదుగా మధ్య అమెరికాకు నడిపించాడు. ముందు నడిచేవారిని వాగన్ మాస్టర్ అనీ, అందరికంటే వెనక వచ్చేవారిని టెయిల్ గన్నర్ అనీ బిడారు వాళ్ళు పిలుస్తారు. మన తాతల కాలంలో తిరునాళ్ళకు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్ళేటప్పుడు దారి తెలిసిన ఎడ్లను ముందు నడిపించిన తీరే ఇదీను, అయితే ఇక్కడ వెనక బండికే అనుభవం ఎక్కువ కావాలి. ఆగిపోయిన బండి దగ్గర ఆగేది టెయిల్ గన్నరే కనుక టైరు మార్పించడం, ఫ్యూజు చూడటం, ప్రథమ చికిత్స తెలిసినవారికి ఆ బాధ్యత ఇవ్వాలి. పనిముట్ల పెట్టె, జంపర్ కేబుల్, మందుల పెట్టె ఆ బండిలోనే ఉండాలి. వీరిద్దరూ కాక లెక్కలు రాసేవారొకరు, విడిది బుకింగులు చూసేవారొకరు ఉంటే చాలు. ఉమ్మడి ఖర్చుల్లోకి ఏమేమి వస్తాయో బయలుదేరకముందే రాసుకోవాలి. పెట్రోలు ఎవరి బండికి వారే పెట్టుకోవడం, విడిది, సరుకులు సమంగా పంచుకోవడం నాకు తెలిసినంతలో తగాదా రాని పద్ధతి.

మూడో అడుగు: విడిదులు, ప్రవేశ రుసుములు

జాతీయ పార్కుల్లోని ముఖ్యమైన క్యాంపుగ్రౌండ్లకు ఆరు నెలల ముందే బుకింగ్ తెరుచుకుంటుంది, సెలవుల తేదీలు ఆ రోజే నిండిపోతాయి. జయన్‌లోని వాచ్‌మన్ క్యాంపుగ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ ఉన్న చోట్లు దొరుకుతాయి. గ్రాండ్ కాన్యన్‌లోని మాదర్ క్యాంపుగ్రౌండ్‌లో కరెంటు, నీటి కనెక్షన్లు లేవు, 30 అడుగులు మించిన బండికి చోటూ లేదు. ఆ పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో అన్ని కనెక్షన్లూ ఉన్నాయి, 50 అడుగుల బండి కూడా వెనక్కి నడపకుండా నేరుగా ప్రవేశించి నేరుగా బయటికి రావచ్చు. అలాంటి పుల్ త్రూ చోట్లను కొత్త డ్రైవర్ల పేర్ల మీద బుక్ చేయడం మర్యాద మాత్రమే కాదు, పక్క బండి అద్దం పగలకుండా ఉండటానికి మార్గం కూడా.

ప్రభుత్వ భూనిర్వహణ శాఖ అధీనంలోని బహిరంగ ఎడారిలో చాలాచోట్ల 14 రోజుల వరకు ఉచితంగా విడిది చేయవచ్చు. నీరు, కరెంటు, మరుగుదొడ్డి ఏవీ ఉండవు. ఒక్క రాత్రి అలా గడపడం అపురూపమైన అనుభవమే; మెత్తటి ఇసుక ఉన్న చోటు మాత్రం కాకూడదు. పేజ్ దగ్గర లోన్ రాక్ బీచ్‌లో నీటి అంచుకు నాలుగు అడుగులు దగ్గరగా నిలుపుదామన్న ముచ్చటతో నేను నడిపిన బండి వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. కంకర దారి దాటినందువల్ల రోడ్డు సహాయం వర్తించదని అద్దె ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉన్న సంగతి ఆ సాయంత్రమే చదివాను. టైర్లలో గాలి తగ్గించి, చాపలు పరిచి, ముగ్గురు అపరిచితులు లాగితే బండి బయటపడింది. అంతకుముందు నిలిచిన బండ్ల జాడలు గట్టిగా, లోతు లేకుండా కనిపించిన నేల మీదనే నిలపాలి. సందేహముంటే ముందు దిగి నడిచి చూడాలి, మడమ కూరుకుపోతే చక్రమూ కూరుకుపోతుంది.

పార్కుల వార్షిక పాస్ 80 డాలర్లు. అది ఒక వాహనానికి వర్తిస్తుంది కనుక ప్రతి బండికీ ఒకటి కావాలి. 2026 జనవరి నుంచి అమెరికా నివాసులు కానివారికి వార్షిక పాస్ ధర 250 డాలర్లు చేశారు, గ్రాండ్ కాన్యన్, జయన్ సహా 11 పార్కుల్లో పాస్ లేని విదేశీ సందర్శకులకు తలకు 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్ళేవారు తమ బండికి ఏది వర్తిస్తుందో పార్కు అధికారిక పేజీలో సరిచూసుకుని, నివాసాన్ని నిరూపించే గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోవాలి.

నాలుగో అడుగు: బండి చేతికి వచ్చిన రోజు

ఆ రోజు దూరం వెళ్ళే పని పెట్టుకోవద్దు. అప్పగించేవారు అరగంటలో అన్నీ చూపించి పంపేస్తారు. దాన్నంతా ఫోనులో వీడియో తీసుకోవాలి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలుపుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్ళు దాటిన టైరు గాడులు లోతుగా ఉన్నా ఎడారి వేడికి చీలిపోవచ్చు, మార్చి ఇవ్వమని అడగడానికి సంకోచించకూడదు. గాలి ఒత్తిడిని ఉదయం బండి కదలకముందే కొలవాలి. గ్యాస్ లీకు హెచ్చరిక పరికరం, పొగ హెచ్చరిక పరికరం మోగుతున్నాయో లేదో నొక్కి చూడాలి. బండి ఎత్తును పెద్ద అంకెలతో కాగితం మీద రాసి డ్రైవరు కళ్ళెదుట అతికించుకోవాలి. పెట్రోలు బంకు కప్పును ఢీకొట్టేవారిలో ఎక్కువమందికి ఎత్తు తెలుసు, ఆ క్షణంలో గుర్తుండదు.

తరువాత ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలానికి అన్ని బండ్లూ తీసుకువెళ్ళి, ప్రతి డ్రైవరూ గంటసేపు మలుపులు, వెనక్కి నడపడం సాధన చేయాలి. వెనక నిలబడి సైగ చేసే మనిషి డ్రైవరుకు అద్దంలో కనబడకపోతే బండి కదలకూడదన్న నియమం ఆ పూటే అలవాటు కావాలి.

ఐదో అడుగు: రోడ్డు మీద నడత

కలిసి వెళ్ళడమంటే ఒకరి వెనక ఒకరు అతుక్కుని వెళ్ళడమని కొత్త బృందాలన్నీ భావిస్తాయి. ఈ యాత్రలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు అదే. పేజ్ నుంచి కయెంటాకు వెళ్ళే దారివంటి రెండు లేన్ల రోడ్డు మీద ఐదు ఆర్వీలు తోకలు కలుపుకుని వెళితే వెనక వచ్చే కారు ఐదింటినీ ఒకే ఊపులో దాటవలసి వస్తుంది, ఎదురుగా లారీ వస్తే దూరడానికి దానికి సందు ఉండదు. బండికీ బండికీ నడుమ కనీసం పావు మైలు వదలాలి. వెనక ఐదు వాహనాలు చేరితే అనువైన చోట పక్కకు తొలగి దారి ఇవ్వాలని ఆరిజోనా, నెవాడా చట్టాలు చెబుతున్నాయి. అది ఒక్కొక్క బండికీ వర్తించే నియమం.

అందువల్ల విడిది నుంచి ఐదు నిమిషాల తేడాతో ఒక్కొక్కరూ బయలుదేరి, ముందే అనుకున్న చోట్ల కలుసుకోవాలి. ఉదయం పది నిమిషాలు అందరూ నిలబడి ఆ రోజు దారి, 50, 60 మైళ్ళకొకసారి ఆగే చోట్లు, పెట్రోలు పోయించుకునే ఊరు, చీకటి పడే వేళ చెప్పుకుంటే మిగతా పగలంతా ప్రశాంతంగా గడుస్తుంది. ఆగే చోటు పేరు, మైలురాయి సంఖ్య కాగితం మీద ఉండాలి. దారిలో వచ్చే నవాహో ఆదివాసీ జాతి భూభాగంలో ఫోను సిగ్నల్ మైళ్ళ కొద్దీ ఉండదు కాబట్టి వాట్సాప్ గ్రూపు మీద ఆధారపడిన బిడారు కామెరాన్ చేరకముందే చెల్లాచెదురవుతుంది. ప్రతి బండిలో చేతి రేడియో ఉండాలి. ఎఫ్ఆర్ఎస్ రేడియోలకు లైసెన్సు అవసరం లేదు, అయితే మైలు దాటితే వాటి మాట పలచబడుతుంది. జీఎంఆర్ఎస్ రేడియోలు ఇంకా దూరం అందుతాయి. వాటి లైసెన్సుకు పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే పదేళ్ళు చెల్లుతుంది, కుటుంబమంతా వాడుకోవచ్చు. రేడియోలో అవసరమైన నాలుగు మాటలే మాట్లాడాలి: ఎదురుగా ఏమి ఉంది, ఎక్కడ ఆగుతున్నాము, ఎవరు ఆగిపోయారు, అందరూ చేరారా. అంత్యాక్షరి విడిదిలో పెట్టుకోవచ్చు.

గాలన్‌కు 8 నుంచి 10 మైళ్ళు ఇచ్చే బండి ఇది. ట్యాంకు సగానికి వచ్చినప్పుడే నింపుకోవాలి. జనరేటరు కూడా అదే ట్యాంకు నుంచి తాగుతుంది, పావు వంతుకు చేరగానే బండి కదలడానికి ఇంధనం మిగలాలని తనంతట తానే ఆగిపోతుంది. బంకులోకి ప్రవేశించేముందు ప్రొపేన్ గ్యాస్ వాల్వు కట్టేయాలి. పొడవైన ఎక్కుడులో ఇంజను వేడెక్కుతున్నట్టు కనిపిస్తే ఏసీ ఆపాలి, దిగుడులో బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా గేరు తగ్గించాలి. చీకటి పడ్డాక నడపవద్దు: కంచెలు లేని పచ్చిక నేలల్లో ఆవులు, గుర్రాలు రోడ్డు మీదికి వస్తాయి.

ఆరో అడుగు: నీరు, కరెంటు, వంట

తాగడానికి మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు, బండి ట్యాంకుతో సంబంధం లేకుండా విడిగా డబ్బాల్లో ఉంచుకోవాలి. ట్యాంకు నీరు గిన్నెలకూ స్నానాలకూ. క్లాస్ సి బండిలో సాధారణంగా 40 గాలన్ల వరకు పడుతుంది. మన ఇళ్ళలో స్నానం చేసినట్టు చేస్తే నలుగురికి ఒక పూటకు సరిపోదు. తడుపుకుని, కొళాయి కట్టి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పుకోవాలి. మరుగుదొడ్డి నీరు చేరే ట్యాంకు వాల్వును విడిదిలో తెరిచి ఉంచకూడదు. నీరంతా కారిపోయి, గట్టిది లోపలే మిగిలిపోతుంది. మూడింట రెండు వంతులు నిండాక ముందు దాన్నీ, తరువాత స్నానాల నీటి ట్యాంకునూ వదిలితే గొట్టం కూడా కడిగినట్టవుతుంది. గడ్డకట్టే చలి రాత్రుల్లో బయటి నీటి గొట్టాన్ని విప్పి ఖాళీ చేసి పెట్టుకోవాలి. 30 ఆంప్ కనెక్షన్ మీద ఏసీ, మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్ మూడూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది.

వంట విషయంలో ఒక భౌతిక సత్యం మన వాళ్ళను ప్రతిసారీ ఆశ్చర్యపరుస్తుంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు ఎత్తున నీరు దాదాపు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. తెరిచిన గిన్నెలో కందిపప్పు ఎంతసేపు మరిగినా పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి, మామూలు కంటే రెండు విజిళ్ళు ఎక్కువ రానివ్వాలి. తాలింపు మాత్రం బండి లోపల పెట్టవద్దు. ఎండుమిర్చి పొగకు పొగ హెచ్చరిక పరికరం అర్ధరాత్రి మోగినట్టు మోగుతుంది, ఆ వాసన బండి అప్పగించేదాకా వదలదు, శుభ్రపరిచే రుసుము రూపంలో తరువాత కూడా వదలదు. బయట బల్ల మీద చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకుని, బృందానికంతటికీ ఒకే చోట వండితే గ్యాసు, నీరు, సమయం మూడూ కలిసొస్తాయి. జిడ్డు గిన్నెలను కాగితంతో తుడిచాకే కడగాలి. నూనె, అన్నం మెతుకులు ట్యాంకులో చేరితే మూడో రోజుకు వాసన మొదలవుతుంది.

కాలిఫోర్నియా నుంచి వచ్చేవారికి ఒక హెచ్చరిక. తిరుగు ప్రయాణంలో రాష్ట్ర సరిహద్దు దగ్గర వ్యవసాయ తనిఖీ కేంద్రం ఉంటుంది. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందువల్ల బంధువుల ఇంటి నుంచి తెచ్చుకున్న రెబ్బలు, నిమ్మకాయలు అక్కడ తీసేసుకునే అవకాశం ఉంది. ఉన్న కరివేపాకును దారిలోనే వాడేయడం ఉత్తమం.

ఏడో అడుగు: ఎడారి హెచ్చరికలు

ఎండిన వాగులో గానీ, దాని ఒడ్డున గానీ విడిది చేయకూడదు. 1997 ఆగస్టులో పేజ్ దగ్గరి లోయర్ యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయలో మెరుపు వరద వచ్చి 11 మంది చనిపోయారు. వాన కురిసింది అక్కడ కాదు, మైళ్ళ దూరాన. ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన వాగు నిద్రపోతోందని అనుకోరాదు. రోడ్డు మీద నీరు పారుతుంటే వెనక్కి తిరగడమే మార్గం.

దుమ్ముతుఫాను కమ్ముకున్నప్పుడు చేయవలసింది మన సహజ బుద్ధికి విరుద్ధంగా ఉంటుంది. రోడ్డు నుంచి వీలైనంత దూరం తొలగి ఆగాలి, పార్కింగ్ బ్రేకు వేసి, బ్రేకు పెడల్ మీది నుంచి కాలు తీసి, లైట్లన్నీ ఆర్పేయాలి. దీపం వెలుగుతుంటే వెనక వచ్చేవాడు అదే దారి అనుకుని నేరుగా వచ్చి గుద్దుతాడు. ఈ మాట ప్రతి డ్రైవరుతోనూ ఒకసారి పైకి చెప్పించాలి. గాలి లేని మధ్యాహ్నం కూడా బండి పక్కన పరిచే నీడ గుడ్డను మడవకుండా వదిలి నడకకు వెళ్ళవద్దు; ఒక్క విసురుకు దాని చేతులు విరుగుతాయి.

ఎనిమిదో అడుగు: నవాహో నేల మీద

మాన్యుమెంట్ వ్యాలీ జాతీయ పార్కు కాదు, నవాహో జాతి తమ భూమిలో నడుపుకునే పార్కు. వార్షిక పాస్ అక్కడ చెల్లదు. లోపలి 17 మైళ్ళ మట్టిదారిలోకి ఆర్వీలను రానివ్వరు, వెంట తెచ్చుకున్న కారో స్థానిక గైడు జీపో కావాలి. నవాహో భూభాగమంతటా మద్యం నిషిద్ధం, డ్రోన్లు ఎగరేయకూడదు, మనుషులను అడగకుండా ఫోటో తీయకూడదు. మాన్యుమెంట్ వ్యాలీ పక్కనే ఉన్న గూల్డింగ్స్ లాడ్జి దగ్గర అన్ని కనెక్షన్లున్న ఆర్వీ పార్కు ఉంది.

గడియారం గురించి జాగ్రత్త అవసరం. ఆరిజోనా మార్చి నుంచి నవంబరు దాకా గంట ముందుకు జరుపుకోదు, నవాహో భూభాగం జరుపుకుంటుంది. యాంటిలోప్ కాన్యన్ నవాహో భూమిలోనే ఉన్నా అక్కడి పర్యటనలు పేజ్ పట్టణపు సమయాన్ని, అంటే ఆరిజోనా సమయాన్ని పాటిస్తాయి. ఫోను ఏ టవరును అందుకుంటే ఆ గంట చూపిస్తుంది. వాగన్ మాస్టర్ చేతి గడియారమే బృందానికి సమయమని పొద్దున్నే ప్రకటించుకోవాలి.

దక్షిణాన టూసాన్ వైపో, న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ వైపో యాత్ర పొడిగించేవారికి సరిహద్దు గస్తీ తనిఖీలు దేశం లోపలి రోడ్ల మీదే ఎదురవుతాయి. పౌరులు కానివారు పాస్‌పోర్టు, దేశంలోకి ప్రవేశించినట్టు చూపే ఐ-94 పత్రం వెంట ఉంచుకోవాలి. తల్లిదండ్రులవి సూట్‌కేసు అడుగున కాక చేతి సంచిలో ఉండాలి. ఫీనిక్స్‌కు పడమరగా ఉన్న క్వార్ట్‌జ్‌సైట్ చలికాలంలో వేలాది ఆర్వీలు దిగే ఊరు. అక్కడి శ్మశానంలో పిరమిడ్ ఆకారపు సమాధి, దాని కొసన లోహపు ఒంటె బొమ్మ కనిపిస్తాయి: 1850ల్లో అమెరికా సైన్యం ఈ ఎడారిలో ఒంటెలను ప్రయోగించినప్పుడు వాటిని తోలడానికి వచ్చిన హాజీ అలీది అది, స్థానికుల నోట హై జాలీ. ఆ వైపు వెళితే పది నిమిషాలు ఆగి చూడదగ్గది.

ఆఖరి రోజు

280 మైళ్ళు నడిపి అదే మధ్యాహ్నం బండి అప్పగించాలనుకోవద్దు. ముందు రాత్రి కింగ్‌మన్‌లోనో లాస్ వేగస్ శివార్లలోనో ఆగి, రెండు ట్యాంకులూ వదిలి, ఫ్రిజ్ ఖాళీ చేసి, లెక్కలు ఆ రాత్రి బల్ల దగ్గరే తేల్చుకోవాలి. ఉదయం ప్రొపేన్, పెట్రోలు నింపి రసీదులు దాచుకుని, లోపలా బయటా మళ్ళీ వీడియో తీశాకే తాళాలు ఇవ్వాలి. ఓవెన్‌లో, పై పడక మూలల్లో, బయటి సామాను అరల్లో చూడటం మరచిపోవద్దు. మా కుక్కర్ వెయిట్లు రెండు అలాగే పోయాయి.